బేరమాడని మనిషి

మొన్న మధ్యాహ్నం ఒకమ్మాయి ఫోను పట్టుకుని మా దుకాణానికి వచ్చింది. గిరాకీ లేని వేళ వచ్చే మనిషిని నేను కాళ్ల నుంచి చూడడం మొదలుపెడతాను. చెప్పులు విడిచి మెట్టెక్కితే చందాకు వచ్చినట్టు, చెప్పులతోనే నిలబడితే కొనడానికి వచ్చినట్టు. ఈ పిల్ల ఒక చెప్పు విడిచి, ఇంకొకటి విడవకుండా నిలబడింది.

"అంకుల్, మీరు తెలుగు చదువుతరు కద? జర యే చెక్ కరో నా."

మగ్గాల పనికి ఈ పరాయి రాష్ట్రానికి వలస వచ్చిన మనవాళ్ల పిల్ల, మా పక్క పేట డిండోలిలో పుట్టి పెరిగింది. కాలేజీలో సైకాలజీ చదువుతోందట. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ సాంచాల మీద పనిచేసేవాళ్ల మనసులో ఏముందో కనుక్కోవడానికి ఇంగ్లీషు ప్రశ్నలను ఎవరితోనో తెలుగులో రాయించుకుని వచ్చింది. మొదటిది చదివాను. ‘గడచిన పక్షం రోజులలో మీరు నిస్పృహకు లోనయ్యారా?’

"నిస్పృహ అంటే ఏంది అంకుల్?" అని ఆ పిల్లే నన్నడిగింది.

"నాకే ఎరుకుంటే ఈ పసుపు పొట్లాలెందుకు కట్టుకుంట కూసుంట బిడ్డా?"

నవ్వింది. "మా మేడం అంటది, ఇది ఇప్పుడిప్పుడే వస్తున్న సబ్జెక్టంట. ఒకళ్ల కోసం చేసిన కొలత ఇంకొకళ్లకు పట్టదంట. మన మనుషులకు మన తీరుగ సవాళ్లు అడగాలె అంటది."

ఆ మేడం ఎవరో గానీ దుకాణంలో పుట్టవలసిన మనిషి అనుకున్నాను. ఫోను పైకి జరుపుతూ చదువుకుంటూ పోయాను. ఏడో ప్రశ్న: ‘ఇతరులకు వినిపించని స్వరాలు మీకు వినిపిస్తున్నాయా?’

అక్కడ ఆగిపోయాను. ఇదే ప్రశ్న ఒకసారి నన్ను హిందీలో అడిగారు, పెద్దాసుపత్రిలో. అడిగింది నా గురించి కాదు, నా పక్కన కూర్చున్న మనిషి గురించి. జవాబు మాత్రం నేనే చెప్పాను. ఆ మనిషి రెండు వానాకాలాల కింద డిండోలిలో ఒక గదిలో పోయాడు. చావు కాగితం మీద నీరసం అని రాశారు. ఆయన దహనానికి కట్టెల దగ్గర కూడా నేను బేరమాడాను. నోరు ఊరుకోలేదు.

పిల్లకు మాటలు సరిచేసి పంపించాను. ఏడో ప్రశ్నను ముట్టుకోలేదు.

ఆ పోయినాయన మొదటిసారి మా దుకాణం ముందు నిలబడ్డప్పుడు పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మూగవాడనుకుని మా నాన్న వేళ్లతో అంకెలు చూపించాడు. నాకు అర్థమైంది. మా లింబాయత్ సందుల్లో పెరిగినవాడికి ఎవరైనా చెప్తారు, కార్ఖానాలో సాంచాలు నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదని. అందుకని వాళ్లు గొంతు దండగ చేసుకోరు. పెదవులతో చెప్తారు, కళ్లతో వింటారు. రోజంతా అట్లా బతికే ఆయన బయటికొచ్చినా పెదవుల మీద గొంతు వేయడం మరిచిపోయేవాడు. అప్పటి నుంచి మా నాన్న తూకం చూసేవాడు, నేను ఆయన పెదవులు చూసేవాణ్ని. కిలో చింతపండు. పావు ఎండుమిరపకాయలు. ఒక సబ్బు.

ఎప్పుడైనా గుర్తొచ్చి గొంతు వేశాడంటే నాలుగు సాంచాల అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు వేసేవాడు. మెట్టు కింద పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయేది.

నన్ను "సేటూ" అనేవాడు. నాకు పన్నెండేళ్లున్నప్పుడు వేళాకోళంగా అన్న మాట, తర్వాత అదే ఖాయమైంది. నేను "కాకా" అనేవాణ్ని. ఎదురుగా నిలబడ్డ మనిషి వేసుకున్న చొక్కా అంచు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి నలపడం ఆయన అలవాటు. అడగడు, ఆగడు. పట్టుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు, "నూలు పల్చగేసిండు, దొంగ" అంటాడు. ఎవడో నేసినవాడి గురించి. పోలీసు చొక్కా కూడా అట్లాగే పట్టుకున్నాడు ఒకసారి. ఆ పోలీసు లాఠీ ఎత్తబోయి, ఈయన ముఖం చూసి దించేశాడు. అంత పనిగా చూస్తున్నాడు ఈయన.

ఆయన బేరమాడడు. ఇది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. మా ఇంట్లో ధర అంటే మాట మొదలుపెట్టడానికి చెప్పే అంకె. మేం వంద అంటాం, గిరాకీ అరవై అంటాడు, నవ్వుతాం, వాళ్ల చెల్లెలి పెళ్లి సంగతి అడుగుతాం, డెబ్భై అయిదు దగ్గర ఇద్దరం ఓడిపోయినట్టు ముఖాలు పెడతాం. ఆయన ధర అడుగుతాడు, ఇస్తాడు, వెళ్లిపోతాడు. కొన్నేళ్లు ఓర్చుకున్నాను. ఒకసారి గొడుగు కొంటున్నప్పుడు ఇక నావల్ల కాలేదు.

"కాకా, రెండొందలన్న. ఎక్కువ గాదా?"

"ఎక్కువనే గావచ్చు."

"మరి తక్కువ చెయ్యమనవేంది?"

"ఎంతకియ్యాల్నో నీకు తెల్వదా? తెలిసే చెప్పినవ్ గద."

చివరికి నాతో నేనే బేరమాడుకుని నూట యాభైకి దిగాను. ఆయన ఎవరో ఇద్దరి తగాదా చూస్తున్నట్టు పక్కన నిలబడి చూశాడు.

ఎట్లున్నవ్ అంటే "నడుస్తున్నది" అనేవాడు. సాంచం గురించి చెప్తున్నాడో తన గురించి చెప్తున్నాడో నేను ఎన్నడూ విడిగా అడగలేదు.

ఆయన భార్య ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. వేళ్ల సందుల్లో జిగురు ఆరి మెరుస్తుండేది. ఆయన వాడని మాటలన్నీ ఆమె వాడేది. "మీ నాయిన ఉన్నప్పుడు గీ రేటుందారా? ఆయన ఫోటోకు దండేసుడెందుకు, కండ్లకు గంతలు గట్టు" అని నన్ను నిలబెట్టి కడిగేది. నాకు ఆమె అంటే చాలా ఇష్టం. ఆమెతో బేరం ఆడిన రోజు దుకాణం తెరిచినందుకు ఒక అర్థం ఉండేది. వెళ్లేటప్పుడు కొసరుగా గుప్పెడు పుట్నాలు తనే తీసుకుని నోట్లో వేసుకునేది.

మూడు రోజుల జ్వరంతో పోయింది. ఊరికి తీసుకుపోయే వీలు లేక తాపీ నది ఒడ్డునే కాల్చారు. నాలుగో రోజు ఆయన పనిలోకి వెళ్లాడు.

పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరున బియ్యమివ్వడం మాకు తప్పని పని. ఇక్కడా మనవాళ్లంతా పళ్లేల్లో బియ్యం, పప్పు, కూరగాయలు పట్టుకుని గుడి ముందు వరస కడతారు. అయ్యగారు పేరడుగుతాడు, పైకి చెప్పాలి. ఆయన వంతు వచ్చింది. పెదవులు కదిలాయి.

"గట్టిగ చెప్పు నాయనా."

మళ్లీ పెదవులే. వెనకాల నిలబడ్డ నేను తొంగి చూసి, ఆమె పేరు ఆయన పెదవుల మీద చదివి పైకి చెప్పాను. ఆయన తరఫున ఇంకొకరికి నేను చేరవేసిన మొదటి మాట అది. అందులో కల్తీ లేదు.

ఆ తర్వాత వారం పది రోజులకు దుకాణానికి వచ్చి, సంతోషంగానే చెప్పాడు.

"సేటూ, మీ చిన్నమ్మ పిలుస్తున్నది."

"యాడికెల్లి కాకా?"

"సాంచం నడుస్తుంటే నడుమల పిలుస్తది. బంద్ చేస్తే పిలువది."

నాకు ఆశ్చర్యం వేయలేదు. సందులో ఎవరికీ వేయలేదు. పోయినవాళ్లు కొన్నాళ్లు ఇంటి చుట్టూ తిరగడం, పేరు పెట్టి పిలవడం మావాళ్లకు కొత్త సంగతి కాదు. మా అమ్మ పోయాక మా నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని రోజూ ఆమెకు సరుకుల ధరలు చెప్పేవాడు. అదే లెక్కన నేను ఆయనకు సలహా ఇచ్చాను.

"ఏమన్న అడుగుతున్నదేమో కాకా. ఆమెకిష్టమైనయ్ తీసి పెట్టు. కడుపు నిండితే తనే పోతది."

సలహా నోట్లో ఉండగానే చేతులు పావుకిలో పుట్నాలు, ఇంత బెల్లం తూచేశాయి. సలహా ఊరికే ఇచ్చాననుకోండి, వస్తువులు అమ్మాను. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు కొనేవాడు. నేను తూచేవాణ్ని. ఆయన చొక్కా వదులవుతూ వచ్చింది. నేను తూకం చూస్తున్నాను గాని చొక్కా చూడలేదు. నాలుగైదు నెలలకు ఒకరోజు బెల్టు మీద నా కన్ను పడింది. మేకుతో పొడిచి కొత్తగా మూడు బెజ్జాలు చేసుకున్నాడు.

"తింటలేవా కాకా?"

"ఆమె తిన్నంక తింట."

"తినదా మరి?"

"పళ్లెం ముంగటికెల్లి లేస్తలేదు."

ఆమె లేవదు, ఈయన తినడు. వండిందంతా ఆవు తినేది. అప్పుడు తెలిసింది నాకు, ఇది మా నాన్న గల్లాపెట్టె దగ్గర చెప్పుకున్న కబుర్ల లాంటిది కాదని. ఆచారం ఎక్కడో అయిపోయింది. అక్కడి నుంచి ఇంకేదో మొదలైంది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నేను చూడలేదు.

కార్ఖానాలోనూ పట్టుబడింది. దారం తెగినా కట్టకుండా చెవి ఒగ్గి నిలబడుతున్నాడట. గుడ్డ పాడవుతోందని, పని అజమాయిషీ చేసే మాస్టరు డాక్టరు చిట్టీ తెస్తేనే పనిలోకి రమ్మన్నాడు. ఆయన నా దగ్గరికొచ్చి, గొంతు వేసి మరీ అడిగాడు.

"డాక్టరుకు చెప్తే ఏమన్న తొవ్వ దొరుకుతదా సేటూ? అంత చెప్త. మొత్తం చెప్త. నువ్వు జర హిందీల చెప్పు."

ఏదైనా ఒకటి కావాలని ఆయన అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే. తన మాట మొత్తం ఒక మనిషికి చేరాలి. అంతే.

షట్టరు దించి తీసుకెళ్లాను. డాక్టరు మంచివాడే. బయట వంద మంది ఉన్నా కుర్చీ చూపించాడు. ఈయన కూర్చోగానే ముందుకు వంగి డాక్టరు తెల్లకోటు అంచు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. డాక్టరు వెనక్కి జరిగి ఏదో రాసుకున్నాడు. సరుకు మీద మచ్చ గిరాకీ కంట పడ్డప్పుడు దుకాణదారుకు పుట్టే భయం అక్కడే పుట్టింది నాకు.

ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆమె పిలుస్తున్నదన్నాడు. మొదట్లో పేరు పెట్టి పిలిచేది, ఇప్పుడు రమ్మంటున్నదన్నాడు. అన్నం చేతిలోకి తీసుకుంటే దొంగతనం చేసినట్టుంటదన్నాడు. "నాకు గూడ పోవాలనే అనిపిస్తున్నది సారూ. ఎవలన్న పట్టుకుంటే ఉంటనేమో. పట్టుకునేటోళ్లు లేరు" అన్నాడు. కార్ఖానా గొంతుతో అన్నాడు. తలుపు బయట వాళ్లు లోపలికి చూశారు.

"క్యా బోల్ రహే హై?" అన్నాడు డాక్టరు.

నేను పుట్టిన ఇంట్లో నేర్పింది ఒకటే. అవసరం ఎంతుందో ఎదుటివాడికి తెలియనివ్వకు. మచ్చ ఉన్నవైపు లోపలికి మడిచి చూపించు. "భార్య పోయింది సార్. నిద్ర తక్కువ, ఆకలి తక్కువ. కొంచెం టెన్షన్" అన్నాను హిందీలో.

"ఇంత సేపు చెప్పింది ఇదేనా?"

"పల్లెటూరి మనిషి సార్, తిప్పి తిప్పి చెప్తాడు."

"ఎవరూ లేనప్పుడు గొంతులేమైనా వినిపిస్తాయా?"

"లేదు సార్."

ఆ అబద్ధంలో కొంత తెలివి కూడా ఉంది, కాదనను. అవునంటే డాక్టరు ఇంకేదో జబ్బు పేరు రాస్తాడు, మా సందులో సగం మందికి వర్తించే పేరు. పై అంతస్తు మానసిక వార్డులో ఉంచేసుకుంటారు, కార్ఖానా గేటు మళ్లీ తెరుచుకోదు, సందులో పిచ్చోడంటారు. ఇవన్నీ ఒక క్షణంలో లెక్క వేసి ధర తగ్గించాను. పిలుపు మాట ఒక్కటే దాచాననుకున్నాను. దాని వెంట ‘పోవాలనిపిస్తున్నది’ కూడా పోయింది. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. పనిలోకి వెళ్లొచ్చని చిట్టీ కూడా ఇచ్చాడు. బయటికొస్తూ నేను మంచి బేరం కుదిర్చినవాడిలా ఉన్నాను.

షేరింగ్ ఆటోలో ఇద్దరం వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. ఉధ్నా దాటాక అన్నాడు, రోడ్డు వంక చూస్తూ, మామూలు గొంతుతో.

"మొత్తం చెప్పలే గద సేటూ."

ఆయనకు హిందీ అర్థమవుతుందన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మనిషి.

"నీకు హిందీ వస్తది గద కాకా! నువ్వే చెప్పకపోయినవా మరి?"

"వస్తది. నాకొచ్చిన హిందీల సాంచం కాడి తార్ ఉన్నది, బీమ్ ఉన్నది, పగార్, ఛుట్టీ ఉన్నయ్. ఏడ్సుడు లేదు. దాంట్ల నేనెన్నడు ఏడ్వలే."

పక్కన కూర్చున్న ఒడియా మనిషి టిఫిను డబ్బా మా ఇద్దరి మోకాళ్ల మధ్య కదులుతోంది.

"చెప్తే పిచ్చోడని రాస్తడు కాకా. నీ మంచికే..."

"రాయనియ్యాలె."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, కోపంతో నేను బేరమాడగలను.

మళ్లీ పనిలోకి వెళ్లాడు. మాత్రలతో నిద్ర వచ్చేది, కార్ఖానాలో నిలబడే నిద్రపోయేవాడట. నెల తిరక్కుండా మాన్పించారు. అప్పుడప్పుడూ వచ్చి మా మెట్టు మీద కూర్చునేవాడు. పుట్నాలు కొనడం మానేశాడు. ఆమె పిలుస్తున్నదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. నయమైందని రెండు రోజులు సంబరపడ్డాను కూడా. మూడో రోజు గమనించాను, ఆయన పెదవులు కదలడం లేదు. గొంతు లేకపోవడం నాకు అలవాటే. పెదవులు కూడా ఆగిపోయిన ఆయన ముఖాన్ని చదవడం నాకు రాదు.

మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి రానన్నాడు. చేయి పట్టుకుని ఆటో ఎక్కించాను. అక్కడ డాక్టరు మారిపోయాడు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. దారి పొడుగునా కూడబెట్టుకున్నదంతా ఆమె ముందు పెట్టేశాను. పిలుపు చెప్పాను, పళ్లెం సంగతి చెప్పాను, పుట్నాలు తూచింది నేనేనని చెప్పాను. ఆయన ఆ రోజు అన్న ప్రతి మాటా, పట్టుకునేవాళ్లు లేరన్నదీ, పోవాలనిపిస్తున్నదన్నదీ చెప్పి, నేను అబద్ధమాడానని కూడా చెప్పాను. జీవితంలో మొదటిసారి మచ్చ ఉన్నవైపు పైకి పెట్టి చూపించాను. ఆమె అడ్డు రాలేదు. మావాళ్లలో పోయినవాళ్లు పిలవడం మామూలేనా అని కూడా అడిగింది. ఆ ప్రశ్న ఒక డాక్టరు అడగగలదని నేను అనుకోలేదు. అవునన్నాను, కానీ ఇది అది కాదన్నాను.

ఆమె కలం పక్కన పెట్టింది.

"ఇదంతా మీరు చెప్పారు. ఆయన నోటితో వినాలి నేను. ఇప్పుడు ఎలా ఉందో అడగండి. మీ భాషలోనే చెప్పమనండి. ఎంతసేపైనా పర్వాలేదు."

నేను ఆయన వైపు తిరిగాను.

"కాకా, డాక్టరమ్మ అడుగుతున్నది. మొత్తం చెప్పు. ఒక్క ముక్క ఇడవకుంట చెప్త నేను. మా నాయిన మీద ఒట్టు."

ఆయన నా చొక్కా మీద ఏదో దారప్పోగు ఉంటే తీసి కింద పడేశాడు. తర్వాత గొంతుతోనే అన్నాడు, పక్కవాళ్లకు వినపడేంత, అంతకంటే ఎక్కువ కాదు.

"పొద్దుటికెల్లి నీ దుకాణం బంద్ ఉన్నది. గిరాకీ మర్రిపోతది. నడువ్ ఇగ."

"ఏమన్నారు?" అంది డాక్టరమ్మ.

చెప్పాను. పొద్దున్నుంచీ నా దుకాణం మూసి ఉందంటున్నాడు, గిరాకీ తిరిగి వెళ్లిపోతుందంటున్నాడు, ఇక వెళ్దామంటున్నాడు. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు.

ఆమె మళ్లీ కలం తీసుకుని, మిగతాది కూడా చెప్పండి అన్నట్టు నా వైపు చూసింది.